మిగలపండిన పండ్లకు బేకరీ బట్టీలో చోటు కావాలి

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారాలు.

వరంగల్, హనుమకొండ, కాజీపేటల్లో ఇంటింటి నుంచి వెళ్లే తడి చెత్త గురించి, అదంతా చేరే మడికొండ డంపింగ్ యార్డు గురించి మీ పాఠకులకు కొత్తగా చెప్పవలసింది లేదు. కానీ ఆ తడి చెత్తలో, అసలు చెత్తగా మారవలసిన అవసరమే లేని పదార్థం ఒకటి ఉంది. దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడటం లేదనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను. నేను చెబుతున్నది మిగలపండిన పండ్ల గురించి. తొక్క నల్లబడిన అరటిపండ్లు, వేలు పెడితే దిగబడే సపోటాలు, ముడతలు పడిన మామిడిపండ్లు, మెత్తబడిన బొప్పాయి, వాసన ముదిరిన జామ, పిండిపిండిగా మారిన ఆపిల్, వీటిలో చాలా భాగం చెడిపోయినవి కావు. ఒలుచుకుని తినడానికి మనకు మనసొప్పక పక్కన పెట్టినవి. కేకుగానో, తీపి రొట్టెగానో కాల్చుకోవాలంటే మాత్రం వీటిని మించిన పండ్లు లేవు. ఇళ్లలో, తోపుడు బండ్ల మీద, రైతు బజార్లలో మిగిలిపోతున్న ఈ పండ్లు మన ఊళ్లోని బేకరీల బట్టీలకు చేరే దారి ఒకటి ఏర్పడాలని, అందుకు మీ పత్రిక చేయూత కావాలని నా విన్నపం.

మన ఇళ్లలో ఏ రోజుకారోజు కొనుక్కునే పండు సాధారణంగా మిగలదు. ఒక్కసారిగా వచ్చిపడేదే మిగులుతుంది. శ్రావణ శుక్రవారం నాడు నాలుగిళ్లకు పేరంటానికి వెళ్లివచ్చిన ఇల్లాలి సంచిలో శనగలతో పాటు డజనుకు పైగా అరటిపండ్లు ఉంటాయి, ఆమె ఇంటికి వచ్చిన వాళ్లూ ఇంకొన్ని తెచ్చి ఉంటారు. కార్తీక మాసంలోనూ, శివరాత్రి ఉపవాసం మరునాడూ, రంజాన్ నెలలో ఇఫ్తార్ కోసం తెచ్చుకున్న పళ్లెం మిగిలినప్పుడూ ఇదే పరిస్థితి. ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిన మనిషిని చూడబోయే చుట్టాలు తలా ఒక సంచెడు ఆపిల్ పట్టుకొస్తారు, ఆ మనిషి తినగలిగేది రోజుకు అర పండు. ఎండాకాలం సంగతి వేరే చెప్పాలా? పగలు 40 డిగ్రీలు దాటే మన ఊళ్లలో పొద్దున నిగనిగలాడిన అరటి అత్తం మరునాటికి మచ్చలు తేలుతుంది. ఫ్రిజ్‌లో పెడితే అరటిపండు ఆ చలికి ఓర్వదు. సుమారు 13 డిగ్రీల కంటే చల్లటి చోట దాని తొక్క దెబ్బతిని నల్లగా మారుతుంది. లోపలి గుజ్జు తెల్లగా, తియ్యగా ఉన్నా తొక్కను చూసి పారేసేవాళ్లే ఎక్కువ.

తొక్క నల్లబడటం వేరు, పండు కుళ్లిపోవడం వేరు. ఈ రెండింటికీ తేడా తెలియకపోవడమే ఈ వృథాకు మొదటి కారణమని నేను అనుకుంటున్నాను. పచ్చి అరటికాయ గుజ్జులో ఇంచుమించు ఐదో వంతు పిండి పదార్థమే. కాయ మాగే కొద్దీ దానిలోంచే వెలువడే ఇథిలీన్ వాయువు ప్రభావంతో ఎంజైములు ఆ పిండిని చక్కెరగా మారుస్తాయి. తొక్క మీద గోధుమరంగు మచ్చలు నిండేసరికి లోపల పిండి దాదాపుగా మిగలదు. వాసన కూడా అప్పుడే నిండుగా ఉంటుంది. అరటిపండుకు ఆ పరిమళాన్ని ఇచ్చే వాటిలో ముఖ్యమైనది ఐసోఅమైల్ అసిటేట్ అనే పదార్థం. బేకరీలవారు సీసాల్లో కొనే అరటి ఎసెన్స్‌కు ఆ వాసన వచ్చేది కూడా దానివల్లే. అంటే బండి మీద ఎవరూ ముట్టని మచ్చల పండులో బేకరీకి కావలసిన తీపి, తడి, వాసన మూడూ సిద్ధంగా ఉన్నాయన్నమాట. మామిడి, బొప్పాయి, సపోటా, జామ, సీతాఫలం కూడా కోసిన తర్వాత మాగే జాతివే. ద్రాక్ష, బత్తాయి, అనాస అలా కాదు. చెట్టు నుంచి వేరైన తర్వాత అవి ఇంకా మాగవు, వాడిపోతాయి లేదా పులిసిపోతాయి. కాబట్టి వాటిని ఈ చర్చలోకి తీసుకురావడం లేదు.

ఇందులో కొత్త కనుగోలు ఏమీ లేదు. 1930లలో ఆర్థిక మాంద్యంతో అల్లాడిన అమెరికాలో పారేయడానికి చేతులు రాని అరటిపండ్లను గృహిణులు వంటసోడా కలిపిన పిండిలో మెదిపి కాల్చడం విరివిగా మొదలైంది. అరటిపండు రొట్టె అక్కడి ఇంటింటి వంటగా స్థిరపడింది ఆ రోజుల్లోనే. 2020 లాక్‌డౌన్ నెలల్లో మన దగ్గర కూడా ఎంతోమంది దీన్ని ఇళ్లలో చేశారు. బేకరీలు తెరుచుకోగానే ఆ అలవాటు చాలా ఇళ్లలో ఆగిపోవడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

సాయంత్రం 8 దాటాక హనుమకొండ చౌరస్తా వైపు, కుమార్‌పల్లి మార్కెట్ వైపు వెళ్లేవారు పండ్ల బండ్లను ఒకసారి నిలబడి చూడవలసిందిగా కోరుతున్నాను. బండి ముందు వరుసలో పసుపుపచ్చటి అత్తాలు, వెనక మూలన గోనెపట్టా కింద మచ్చలు తేలినవి, కాడ ఊడి విడిపోయినవి ఉంటాయి. నేను ఎప్పుడూ కొనే బండి ఆమెను వాటి గురించి అడిగితే, "అమ్మా, ఇవి పొద్దుగాల పెడితే పక్కనున్న మంచి పండ్లు సుత ఎవ్వరు కొనరు, అందుకే దాచిపెడుత" అని చెప్పింది. పట్టా కింద ఉన్నవి తీసి చూపించింది. తొక్క సగం నల్లగా ఉన్నా పండు చిట్లలేదు, నీరు కారలేదు, వాసన కమ్మగా ఉంది. ఇంత చక్కటి సరుకును ఆమె సగం ధరకు ఇవ్వడానికి సిద్ధంగా ఉంది, సగం ధరకైనా అడిగే మనిషి లేడు. రాత్రి ఇంటికి వెళ్లే ముందు వాటిని చెత్త కుండీ పక్కన పోసి వెళ్లిపోతుంది. ఆ నష్టం ఎవరి లెక్కల్లోకీ ఎక్కదు, మరునాటి పెట్టుబడిలోంచి తగ్గుతుంది.

దేశం మొత్తం మీద చూస్తే ఈ లెక్క చిన్నది కాదు. అరటి, మామిడి పంటల్లో ప్రపంచంలో మనదే మొదటి స్థానం. భారత వ్యవసాయ పరిశోధన మండలికి చెందిన పంటకోత అనంతర సాంకేతిక సంస్థ 2015లో వెలువరించిన అధ్యయనం ప్రకారం, కోత నుంచి అమ్మకం దాకా జామలో 15.88 శాతం, సపోటాలో 9.73 శాతం, మామిడిలో 9.16 శాతం, అరటిలో 7.76 శాతం నష్టమైపోతోంది. ఇది మన ఇంటి గడప తొక్కక ముందటి నష్టం. గడప లోపలి సంగతి ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2024లో ఇచ్చిన నివేదికలో ఉంది. భారతదేశంలో ఇళ్లలో తలసరిన ఏడాదికి సుమారు 55 కిలోల ఆహారం వృథా అవుతోందని ఆ నివేదిక అంచనా వేసింది. అందులో తొక్కలు, గింజల వంటి తినలేని భాగాలు కూడా కలిసి ఉన్నాయనేది నిజమే. అయినా నలుగురున్న ఇంట్లో ఏడాదికి 2 క్వింటాళ్లకు పైగా అంటే ఆలోచించవలసిన విషయమే కదా. ఇలా పారేసిన పండు గుట్టల అడుగున గాలి తగలకుండా కుళ్లినప్పుడు మీథేన్ పుడుతుంది. వందేళ్ల కాలానికి లెక్కిస్తే అది కార్బన్ డయాక్సైడ్ కంటే దాదాపు 28 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కించే వాయువు.

ఏ పండు వాడాలి, ఏది వాడకూడదు అనే విషయంలో మాత్రం ఎక్కడా రాజీ పడకూడదు. వృథా చేయకూడదన్న తపనతో కుళ్లిన పండును పిల్లలకు పెట్టడం పారేయడం కంటే పెద్ద తప్పు. తొక్క నల్లబడి గుజ్జు మెత్తగా, తేనె రంగుకు తిరిగి, కమ్మటి వాసన వస్తుంటే ఆ పండు వాడవచ్చు. కల్లు వాసనో, పులుపు వాసనో కొట్టినా, చిట్లి నీరు కారుతున్నా, లోపల నల్లగా జిగురుగా ఉన్నా తీసేయాలి. బూజు కనబడితే ఇంక రెండో ఆలోచన వద్దు. మెత్తటి పండులో బూజు పోగులు కంటికి కనిపించే మచ్చను దాటి లోపలికి పాకి ఉంటాయి కనుక ఆ మేరకు కోసేసి మిగతాది వాడుకుంటామంటే కుదరదు. ఆపిల్ మీద పెరిగే ఒక రకం నీలి బూజు పాట్యులిన్ అనే విషపదార్థాన్ని తయారు చేస్తుంది, అది వేడికి పూర్తిగా పోదు. బట్టీలో కాలుతుంది కదా, క్రిములన్నీ చస్తాయి కదా అని కొందరు అంటుంటారు. బూజు చచ్చినా అది వదిలిన విషం మిగులుతుందని వారికి గట్టిగా చెప్పాలి. ఇంకొక సంగతి, కార్బైడ్ పెట్టి మాగబెట్టిన పండు పైకి పసుపుగా ఉన్నా లోపల కసరుగా, పిండిగా ఉంటుంది. మన ఆహార భద్రతా నిబంధనలు 2011 నుంచి కార్బైడ్‌ను స్పష్టంగా నిషేధించాయి. అటువంటి పండులో పిండి చక్కెరగా సరిగా మారదు కనుక కేకు చప్పగా వస్తుంది. ఆ రకంగా చూసినా నిదానంగా, సహజంగా మాగిన పండుకే ఈ పనిలో విలువ.

ఓవెన్ లేని ఇల్లు ఈ పనికి దూరం కానక్కరలేదు. పాతబడిన మందపాటి అల్యూమినియం గంజు ఒకటి తీసుకుని, అడుగున వేలు మందాన పొడి ఇసుక పరిచి, దానిమీద చిన్న ముక్కాలి స్టాండు పెట్టి, మూత వేసి, 10 నిమిషాలు వేడెక్కనివ్వాలి. ఈలోగా మచ్చలు తేలిన మూడు అరటిపండ్లను, అంటే సుమారు 300 గ్రాముల గుజ్జును, చేత్తో మెదిపి, 100 గ్రాముల బెల్లం తురుము, నాలుగు చెంచాల పుల్లటి పెరుగు, 80 మిల్లీలీటర్ల నూనె కలపాలి. 200 గ్రాముల గోధుమపిండిలో ముప్పావు టీచెంచా వంటసోడా, చిటికెడు ఉప్పు, యాలకుల పొడి వేసి జల్లించి పెట్టుకుని, తడి మిశ్రమంలో పోసి పొడి కనబడనంత వరకే కలపాలి. ఎక్కువ కలిపితే గోధుమలోని జిగురు సాగి కేకు రబ్బరులా తయారవుతుంది. సోడా పని చేయాలంటే పులుపు ఉండాలి. పెరుగు వేసేది అందుకే, బెల్లంలోనూ కొంత పులుపు ఉంటుంది. కలిపిన పిండిని నిలవ ఉంచకుండా వెంటనే నూనె రాసిన గిన్నెలో పోసి, గంజులోని స్టాండు మీద పెట్టి మూత వేయాలి. సన్నటి మంట మీద 50 నిమిషాల నుంచి గంట పడుతుంది. శుభ్రమైన చీపురుపుల్ల గుచ్చితే పొడిగా బయటికి రావాలి. పైన గుప్పెడు నువ్వులు చల్లినా, దంచిన పల్లీలు పిండిలో కలిపినా మన నోటికి ఇంకా దగ్గరగా ఉంటుంది. పావు వంతు గోధుమపిండి బదులు జొన్నపిండి వేసుకోవచ్చు. అంతకు మించి వేస్తే జొన్నలో సాగే గుణం లేక కేకు విరిగి పొడి అవుతుంది. కొందరు కుక్కర్ వాడతారు, వాడేవారు లోపలి రబ్బరు, పైన విజిల్ తప్పకుండా తీసేయాలి. నీళ్లు లేకుండా కుక్కర్‌ను అంతసేపు మంట మీద ఉంచడం నాకు ఇష్టం లేదు, పాత గంజే మేలని నా అభిప్రాయం. నాన్‌స్టిక్ గిన్నెను మాత్రం ఖాళీగా వేడి చేయనే కూడదు.

పండును బట్టి పద్ధతి మారుతుంది. అరటిపండులో ముప్పావు వంతు నీరు, బొప్పాయిలో 88 శాతం దాకా నీరే. అరటి లెక్కన బొప్పాయి గుజ్జు పోస్తే కేకు ఉడికిన పిండిముద్దలా మిగిలిపోతుంది. అందుకని బొప్పాయి గుజ్జును ముందుగా మూకుట్లో వేసి సగం అయ్యేదాకా దగ్గరికి ఉడికించి, చల్లారాక వాడాలి. కొంచెం శొంఠిపొడి వేస్తే బొప్పాయికి ఉండే పచ్చి వాసన తెలియదు. జగిత్యాల వైపు నుంచి వచ్చే మామిడి మెత్తబడితే జల్లెడలో రుద్ది పీచు తీసేయాలి. జామపండు గింజల కోసం తప్పనిసరిగా వడకట్టాలి. సపోటా తీపి ఎక్కువ కనుక బెల్లం సగానికి తగ్గించాలి, దాని రంగుకు కేకు కాఫీపొడి వేసినట్టు ముదురుగా వస్తుంది. పిల్లలు చాక్లెట్ కేకు అనుకుని ఇష్టంగా తింటారు. ఆపిల్‌ను తొక్కతో సహా తురిమి వేయవచ్చు. సీతాఫలం ఒక్కటే ఈ వరుసలో నిలవదు. మన గుట్టల మీద, అడవుల్లో అంత విరివిగా కాసే పండే అయినా దాని గుజ్జు వేడి తగిలితే చేదెక్కుతుంది. దాన్ని గింజలు తీసి పాలల్లో కలుపుకుని చల్లగా తినడమే మంచిది, బట్టీలో పెట్టవద్దు.

అరటి గుజ్జు పిండిని పట్టి ఉంచుతుంది, ఒక గుడ్డు చేసే ఆ పనిని ఒక చిన్న పండు గుజ్జు చేయగలదు. పైన చెప్పిన కొలతలో గుడ్డు లేకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. మన ఇళ్లలో మిగిలే పండ్లలో ఎక్కువ భాగం దేవుడి దగ్గర పెట్టినవి, వాయినంగా అందుకున్నవి. వాటిని గుడ్డుతో కలపడానికి చాలామంది ఒప్పుకోరు, ఒప్పుకోవలసిన అవసరమూ లేదు. రెండేళ్లకోసారి మేడారం జాతర తర్వాత ఇంటింటికీ చేరే బంగారం కూడా అంతే. అమ్మవార్ల ప్రసాదమైన ఆ బెల్లం ముద్దలు డబ్బాల్లో నీరుకారి చీమలు పట్టేదాకా ఉండిపోవడం ఎన్నో ఇళ్లలో కనిపిస్తుంది. ప్రసాదం బెల్లంతో, ప్రసాదం అరటిపండుతో గుడ్డు లేకుండా చేసిన కేకు వాడలోని పిల్లలకు పంచితే అది ప్రసాదం పంచినట్టే. చెరువులో వదలడం కంటే, కవరులో కట్టి చెట్టు మొదట్లో పెట్టడం కంటే ఇది ఎంతో భక్తిగల పని అని నేను నమ్ముతున్నాను.

ఆవులకు వేస్తున్నాం కదా, అది వృథా ఎలా అవుతుందని అడిగే పెద్దలున్నారు. ఒకటి రెండు పండ్లు చేత్తో తినిపిస్తే మంచిదే. కానీ పండుగ మరునాడు కుప్పలుగా పోసిన తీపి పండ్లను పశువు ఒక్కసారిగా తింటే కడుపులో ఆమ్లం పెరిగి జబ్బు పడుతుంది. ప్లాస్టిక్ కవరుతో సహా వేసేవారి సంగతి చెప్పనే అక్కరలేదు. తొక్కలు, తీసేసిన చెడు భాగాలు తడి చెత్తకో ఎరువు గుంతకో వెళ్లాలి. మంచి గుజ్జు మాత్రం మనిషి తినవలసిందే.

ఇక బేకరీల మాట. 30, 40 ఏళ్ల కిందటి వరంగల్ తెలిసినవారికి ఎండాకాలం సెలవుల్లో బేకరీలో బిస్కెట్లు చేయించుకోవడం గుర్తుండే ఉంటుంది. ఇంటి నుంచి మైదా, చక్కెర, డాల్డానో నెయ్యినో తూకం ప్రకారం పట్టుకెళ్తే, బేకరీ ఆయన పిండి కలిపించి, రేకుల్లో పరిచి, బట్టీలో కాల్చి ఇచ్చేవాడు. కూలి మాత్రమే తీసుకునేవాడు. పిల్లలం డబ్బాలు పట్టుకుని వరుసలో నిలబడి తెచ్చుకునేవాళ్లం. సరుకు మనది, బట్టీ ఆయనది. ఆ ఏర్పాటును పండ్ల కోసం మళ్లీ తీసుకురావాలన్నదే నా ప్రతిపాదన. ఇటుకల బట్టీలో డబుల్ రొట్టెలు తీశాక వేడి ఒక్కసారిగా దిగదు, మెల్లమెల్లగా తగ్గుతూ చాలాసేపు ఉంటుంది. రొట్టెకు కావలసిన పెద్ద వేడి పోయి 180 డిగ్రీల దగ్గరికి వచ్చే ఆ సమయం పండు కేకులకు సరిగ్గా సరిపోతుంది. పండులోని చక్కెర త్వరగా రంగు తిరిగి మాడే గుణం కలది కనుక అంతకంటే ఎక్కువ వేడి పనికిరాదు కూడా. అదనంగా కట్టెలు గానీ గ్యాసు గానీ కాల్చనక్కరలేదు. మా వాడలోని ఒక బేకరీ యజమానిని అడిగితే, వారానికి ఒక సాయంత్రం ఇళ్లవాళ్లు తెచ్చిన పిండిని కాల్చి ఇవ్వడానికి అభ్యంతరం లేదని చెప్పారు. అయితే ఆయన పెట్టిన షరతు ఒకటి ఉంది, అది నాకు చాలా సమంజసంగా తోచింది. పండు ఒలవక ముందు తన కళ్లతో చూస్తానని, తనకు నచ్చని పండు తన బట్టీలోకి రాదని అన్నారు. ప్రతి బేకరీ ఆ షరతు పెట్టాలి.

రెండో దారి బండ్ల మీది పండ్లది. ఇళ్లవాళ్లు తెచ్చేది తక్కువ, బండ్ల మీద మిగిలేది ఎక్కువ. పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ అయిన మెప్మా కింద పనిచేస్తున్న మహిళా సంఘాల్లో ఒకటి రెండు ముందుకు వచ్చి, సాయంత్రం పూట బండ్ల నుంచి, హనుమకొండ రైతు బజార్ నుంచి మచ్చల పండ్లను తక్కువ ధరకు కొని, అదే రాత్రి ఏరి, ఒలిచి, గుజ్జు తీసి, కిలో పొట్లాలుగా డీప్ ఫ్రీజర్‌లో పెడితే బేకరీలకు ఏ రోజు కావాలంటే ఆ రోజు సరుకు దొరుకుతుంది. గడ్డకట్టించిన అరటి గుజ్జు మూడు నెలల దాకా కేకులకు బాగా పనికొస్తుంది. కరిగాక రంగు తిరిగి నీరు విడుస్తుంది, ఆ నీటిని పారబోయకుండా పిండిలోనే కలపాలి, తీపి అందులోనే ఉంటుంది. 2020లో కేంద్రం తెచ్చిన సూక్ష్మ ఆహార శుద్ధి పరిశ్రమల పథకంలో ఇటువంటి చిన్న యూనిట్లకు 35 శాతం రాయితీని, సంఘ సభ్యురాలికి 40,000 రూపాయల దాకా ప్రారంభ పెట్టుబడిని ఇచ్చే వీలు కల్పించారు. ఊరగాయలకు, పొడులకు ఆలోచించినంతగా పండ్ల గుజ్జుకు మన దగ్గర ఎవరూ ఆలోచించలేదు. బండి ఆమెకు సగం ధర వస్తుంది, సంఘానికి కూలి గిట్టుతుంది, బేకరీకి ఎసెన్స్ సీసా ఖర్చు తగ్గుతుంది. కొనేవారికి అచ్చమైన పండుతో చేసిన కేకు దొరుకుతుంది. అయితే దాన్ని ఆరోగ్యాహారం పేరుతో అమ్మవద్దని మాత్రం ముందే మనవి చేస్తున్నాను. పండుతో చేసినా, బెల్లంతో చేసినా కేకు కేకే. షుగరు ఉన్నవారు దాన్ని లెక్కపెట్టుకునే తినాలి.

నగరపాలక సంస్థ వారిని పెద్దగా ఖర్చు పెట్టమని అడగడం లేదు. 2012లో ఇంటింటి చెత్త సేకరణను, తడి పొడి వేరు చేయడాన్ని పోటీగా నడిపి దేశంలోని ఇతర నగరాలు వచ్చి చూసి వెళ్లేలా చేసిన ఊరు మనది. 2016 నాటి ఘన వ్యర్థాల నియమాలు వేరు చేయమని చెప్పడానికి ముందే మన వాళ్లు చేసి చూపించారు. అదే పట్టుదలతో, చెత్త అయ్యాక వేరు చేయడం కంటే ముందటి మెట్టు మీద ఇప్పుడు కొంచెం దృష్టి పెట్టమని కోరుతున్నాను. రైతు బజార్‌లో సాయంత్రం ఒక బల్ల కేటాయించి, దాని మీద "బాగా మాగిన పండ్లు, కేకులకు, హల్వాకు" అని బోర్డు రాసి పెడితే చాలు. పట్టా కింద దాచిన సరుకు బయటికి వస్తుంది. తక్కువ ధరకు కొనడానికి మొహమాటపడే మధ్యతరగతి మనిషికి కూడా ఆ బోర్డు ధైర్యం ఇస్తుంది. శాకంబరీ ఉత్సవాల్లో భద్రకాళి అమ్మవారిని పండ్లతో, కూరగాయలతో అలంకరించి మొక్కే ఊరిలో పండుకు ఈ మాత్రం మర్యాద దక్కాలి.

మీ పత్రికను కోరేది రెండు సంగతులు. పైన రాసిన కొలతలను, ఏ పండు వాడకూడదన్న వివరాలను జిల్లా సంచికలో ఒక మూలన బాక్సుగా వేయగలిగితే ఎంతోమంది కత్తిరించి దాచుకుంటారు. అలాగే, కూలికి కాల్చి ఇవ్వడానికి సిద్ధపడే బేకరీలు ఏ వాడలో ఉన్నాయో, ఏ రోజు, ఏ వేళకు వెళ్లాలో మీ విలేకరులు వాకబు చేసి ప్రచురించవలసిందిగా ప్రార్థిస్తున్నాను. మామిడి బండ్లు రోడ్ల మీదికి వచ్చే ఏప్రిల్ లోపే ఇది జరిగితే ఈ ఎండాకాలం పండ్లకే ఉపయోగపడుతుంది.

ఇట్లు,
మీ పాఠకురాలు,
వడ్డేపల్లి, హనుమకొండ.